కాలింగ్‌బెల్ పక్కన పేర్లు

కుటుంబంతో వెనిస్ వెళ్తున్న ఒక పాఠకురాలు ఈ వారం ఉత్తరం రాశారు. హోటలా, అద్దె ఫ్లాటా అని ప్రశ్న. ‘మీ జవాబు నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను’ అని చివర్లో ఒక మాట. ఆ మాట చదివి చాలా సంతోషించాను. ఇన్నేళ్లుగా ఇక్కడ నేను చేస్తున్న వాదన ఒకటే కదా: ఊరు తెలియాలంటే సంచీ పట్టుకుని కూరగాయల బజారుకు వెళ్లాలి, తెచ్చినవి వండుకోవడానికి పొయ్యి ఉండాలి.

కన్నరేజో పేటలో మేము దిగిన ఫ్లాటు ఆ వాదన కోసమే కట్టినట్టు ఉండేది. చిన్నదే. కొయ్య దూలాల పైకప్పు, కాలువ వైపు ఒక కిటికీ. నా మనసు మాత్రం నేల మీద పడింది. సున్నంలో రాతిముక్కలు, ఇటుకముక్కలు కలిపి దిమ్మిస కొట్టి, అరగదీసి, నూనె పట్టించి నునుపు తేల్చిన టెరాజో నేల అది. ఈ ఊరి ఇళ్లు బురదలోకి దిగగొట్టిన కొయ్య గుంజల మీద నిలబడ్డాయి. కాలం గడిచేకొద్దీ కాస్త కుంగుతాయి, కాస్త ఒరుగుతాయి. బిగుతుగా పరిచిన పలకరాళ్లయితే పగులుతాయి. సున్నపు నేల ఇంటితోపాటు తానూ కొద్దిగా వంగుతుంది. వంటగదిలో చేయిజారిన ఉల్లిపాయ ఎప్పుడూ ఒకే మూలకు దొర్లేది. ఆ వాలులో ఎన్ని తరాల కాపురం ఉందో అనుకునేవాణ్ని.

పొద్దున్నే రియాల్టో బజారు. పక్కనున్న సాంత్ ఎరాస్మో దీవిలో పండిన ఆర్టిచోక్‌లు అక్కడికి వస్తాయి. వసంతంలో మొక్క కొసన మొట్టమొదట వచ్చే లేత మొగ్గలను విడిగా, ఎక్కువ ధరకు అమ్ముతారు. అవి కొనుక్కొచ్చి ఆవాలు, ఎండుమిరపకాయల తాలింపులో వేయించాను. కుళాయి నీళ్లే తాగాం. 1884లో ఆ కుళాయిలు వచ్చేదాకా ఊరు ప్రధానంగా వాననీటి మీదే బతికింది. ఇళ్ల మధ్య కాంపో అని పిలిచే ఖాళీ స్థలం ఉంటుంది. దాని అడుగున ఇసుక నింపిన పెద్ద తొట్టి కట్టేవారు. వాన ఆ ఇసుకలో వడకట్టుకుని నడిమి బావిలోకి చేరేది. చుట్టూ ఉప్పునీరు పెట్టుకుని ఇంత ఓపికగా మంచినీళ్లు దాచుకున్నవాళ్లంటే నాకు గొప్ప గౌరవం. బజారు నుంచి ఇంటికి వచ్చే దారిలోనే మార్కోపోలో కుటుంబం కాపురమున్న చోటు. మన మోటుపల్లి గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి లోకానికి చెప్పినవాడు. ఆ రాణి రుద్రమదేవేనని మన చరిత్రకారులు గుర్తించారు. కూరగాయల సంచీతో ఆయన ముంగిట్లోంచి నడిచి రావడం ఏ హోటల్ ఇవ్వగలదు?

అదే దారిలో, రియాల్టో వంతెన దిగగానే, సాన్ బార్తలోమియో కాంపోలో ఒక మందుల షాపు ఉంది. దాని అద్దాల వెనక 2008 నుంచి ఒక అంకెల పలక వెలుగుతోంది. పాత ఊళ్లో కాపురం ఉంటున్నవాళ్ల లెక్క అది. 1951లో సుమారు 1,75,000 మంది. 2022లో ఆ లెక్క 50,000 కిందికి దిగింది. మరుసటి ఏడాదికి యాత్రికుల పడకలు ఊరి జనాన్ని దాటేశాయి. 1966 వరద, ప్రధాన భూభాగం మీదున్న మెస్ట్రే వైపు తరలిన ఉద్యోగాలు, ఇవన్నీ కారణాలే. కానీ ఖాళీ అయిన ఇల్లు మళ్లీ కాపురానికి దొరకాలంటే, యాత్రికులు రోజుల లెక్కన ఇచ్చే అద్దెతో ఒక జీతగాడు పోటీ పడాలి.

మా మెట్ల దగ్గర కాలింగ్‌బెల్ పలక మీద ఒక్క ఇంటిపేరే ఉండేది. మిగతా మీటల పక్కన అంకెలు. ఆ పేరు పై అంతస్తు పెద్దావిడది. అక్కడ చెత్త వీధిలో పెట్టకూడదు. పొద్దున మనిషి వచ్చి బెల్ కొడతాడు, లేదంటే చెత్త పడవ దగ్గరికి మనమే మోసుకెళ్లాలి. యాత్రికులు నిద్రలేవరు. ఆవిడే కర్ర పట్టుకుని దిగివచ్చి అందరి సంచులూ అందించేది. మెట్ల లైటు పోయినా, వీధి తలుపు తీసి ఉన్నా చూసుకునేది ఆవిడే. మాతో ఆదరంగానే మాట్లాడింది. కానీ ఆవిడకు రాత్రిపూట జ్వరం వస్తే ఏ తలుపు కొట్టాలి? ఆ తలుపుల వెనక వచ్చే వారం ఎవరుంటారో ఆవిడకు తెలియదు.

2024 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, పగలు వచ్చి పోయేవాళ్ల దగ్గర ఊరు ప్రవేశ రుసుము తీసుకుంటోంది. మొదట 5 యూరోలుగా పెట్టారు. రాత్రి బస చేసేవాళ్లకు అది లేదు, వాళ్లు బస పన్ను కడతారు గనక. నాకు ఈ లెక్క మింగుడు పడదు. పగటి యాత్రికుడు నిలబడే జాగా తీసుకుంటాడు, సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాడు. ఫ్లాటులో దిగినవాడు పడకగది, పొయ్యి, కాలింగ్‌బెల్ తీసుకుంటాడు. ఊరివాళ్లలా బతకాలన్న కోరిక ఎంత నిజమైనదైనా, అది తీరేది ఊరివాళ్లు ఉండాల్సిన ఇంట్లోనే. 2028 నవంబరు నాటికి 10,101 యాత్రికుల ఫ్లాట్లకూ లైసెన్సులు లేకుండా చేస్తామని బార్సిలోనా 2024లో ప్రకటించింది. నాకది కఠినంగా తోచలేదు.

కాబట్టి ఇలాంటి పాత ఊరి నడిబొడ్డున నేను ఇకమీద హోటల్‌లోనే దిగుతాను. ఇంటివాళ్లు కాపురం ఉంటూ ఒక గది అద్దెకిస్తే ఇంకా మంచిది, ఆ డబ్బు వాళ్లను అక్కడే నిలబెడుతుంది. పొయ్యి పోతుంది, ఆ బాధ చిన్నది కాదు. వాళ్లు వంటగదిలో ఒక మూల చోటిస్తే తాలింపు వేస్తాను. ఇవ్వకపోతే సాంత్ ఎరాస్మో ఆర్టిచోక్‌లను వాళ్ల పద్ధతిలోనే, వెల్లుల్లి, ఆలివ్ నూనె, పార్స్‌లీలతో తింటాను.