తపతీ, నీ ఒడ్డున

తపతీ! సూర్యుని బిడ్డా! నీ ఒడ్డున రేయింబవళ్ళు మోగే సూరత్ మగ్గాల గొంతు 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో మూగబోయింది. లింబాయత్, ఉధనా సందుల్లో ఆ చప్పుడే జోలపాటగా పెరిగిన పిల్లలకు ఆ రాత్రుల నిశ్శబ్దమే నిద్ర పట్టనివ్వలేదు.

మన పద్మశాలీల ఇళ్ళు అక్కడ ఎన్నని! కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి బతుకపోయి, పడుగులో పేకలా ఆ ఊరిలో కలిసిపోయిన ఇళ్ళు. మన శ్రీకాకుళానికి పొరుగైన గంజాం నుంచి వచ్చిన ఒడియా కుర్రాళ్ళ గదులూ ఆ ఊళ్ళోనే. ఆ గదుల బతుకు వేరు. పన్నెండు గంటల షిఫ్టుకు పగటివాళ్ళు లేచి వెళితే, చాప మీది వెచ్చదనం ఆరకముందే రాత్రివాళ్ళు వచ్చి వాలతారు. ఒకటే చాప, ఇద్దరి నిద్ర. సాంచలు, అంటే మరమగ్గాలు, ఆగిననాడు పగలూ రాత్రీ ఒకే గదిలో ఇరుక్కున్నాయి. ఎడం పాటించమన్నారు. ఎక్కడికి జరుగుతారు తల్లీ, ఏ గోడలోకి ఒదుగుతారు?

పని లేదు, కూలి లేదు, రైలు లేదు. ఇరవై ఏళ్ళ ఒంటికి గుబులు పుడితే నాలుగడుగులు నడిచి వస్తుంది. ఆ నాలుగడుగులే నేరమయ్యాయి. ఫోనులో అమ్మ "తిన్నవా బిడ్డా" అంటే "తిన్ననే" అనే అబద్ధం, ఆ తర్వాత తెల్లవార్లూ కప్పు కేసి చూపు.

1994 సెప్టెంబరులో ఇదే ఊరికి ప్లేగు వచ్చింది. అప్పుడు లక్షల మంది రైళ్ళు పట్టుకుని పారిపోయారు. ఆనాటి భయానికి దారి ఉంది. ఈసారి భయం లోపలికే తిరిగి, గుండెల్లో గూడు కట్టుకుంది. ఏప్రిల్ 10 రాత్రి సూరత్‌లోని లస్కాణాలో వందల మంది కూలీలు రోడ్డెక్కారు. తోపుడుబండ్లు తగలబడ్డాయి, పదుల మంది అరెస్టయ్యారు. ఏప్రిల్ 14న వరాఛాలో, మే 4న వరేలీలో మళ్ళీ రోడ్డెక్కారు. వరేలీలో బాష్పవాయువు. అడిగింది కూలి, ఇంటికి దారి. పోలీసు కాగితాల్లో అది అల్లరి. నా చెవికి మాత్రం అది గుక్కపట్టిన ఏడుపు.

తపతీ, నీ కోసం తపించి కొండమీద సోలిపోయిన సంవరణుణ్ణి మరిచావా? పన్నెండో నాడు వసిష్ఠుడు వచ్చి, అతడు నోరు విప్పకముందే ఆ మనసు తెలుసుకున్నాడని భారతం. రాజు దుఃఖానికి ఋషి నడిచి వచ్చాడు. మగ్గం కుర్రాడి దుఃఖానికి లాఠీ వచ్చింది. ఈ అన్యాయాన్ని నేను క్షమించలేను.

ఈ దుఃఖం సూరత్ ఒక్కదానిదే కాదు. కోవిడ్ తొలి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు లోకమంతటా 25 శాతం పెరిగాయని, యువతకు, మహిళలకు ఎక్కువ దెబ్బ తగిలిందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ ఏడు మీ ఇంటి బిడ్డ ఏ ఊళ్ళో, ఏ గదిలో చిక్కుకున్నాడో, ఎన్ని రాత్రులు నిద్రలేక దొర్లాడో ఇవాళైనా పక్కన కూర్చుని అడగండి. మీకు చెప్పలేకపోతే, మనసు బాధ వినే ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేయించండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.