పెండ్లి జరిపిస్తే సరిపోతుందా? – ‘చిత్రం’, ‘జూనో’ సినిమాలపై ఒక పరిశీలన

పెండ్లికి ముందే గర్భవతియైన అమ్మాయి మన తెలుగు సినిమాలో చాలాకాలం కథానాయకుని చెల్లెలుగానే కనిపించింది. ఆమె నూతిలో దూకితే అతనికి పగ తీర్చుకొనే పని దొరికేది. తేజ దర్శకత్వంలో 2000లో వచ్చిన ‘చిత్రం’ ఆ దారి తొక్కలేదు. ఉదయ్ కిరణ్, రీమా సేన్ నటించిన రమణ, జానకి 17 ఏళ్ల ప్రాయంలోని విద్యార్థులు. జానకి గర్భం తీయించుకోవడానికి ఒప్పుకోదు. వారికి పెండ్లి జరుగుతుంది. చదువుకుంటూనే బిడ్డను పెంచుతారు. కాన్పుతో కథ ముగించక, పసిబిడ్డ ఒకవైపు, పుస్తకాలు మరొకవైపు ఉన్న బ్రతుకును చూపడం ఈ చిత్రంలోని నిజాయితీ.

అయితే ఆ పెండ్లి మాటేమిటి? 1978 చట్ట సవరణ నాటినుండే వరునికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. కథ పరిష్కారంగా చూపిన వివాహం ఆనాటికే చట్టవిరుద్ధం. తాళి పడగానే ప్రేక్షకుడు మాత్రం ఊపిరి పీల్చుకుంటాడు. సంఘాలలోనూ ఇదే వరస. అమ్మాయి తల్లిదండ్రులు చీకటిపడ్డాక వచ్చి, “అయ్యగారూ, త్వరగా ముడి వేసేయండి” అని బ్రతిమాలుతారు. 2006 చట్టం ప్రకారం బాల్య వివాహం జరిపించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు బాలికతో శారీరక సంబంధం, ఆమె ఇష్టపడినా నేరమే. తాళి దానిని మాపలేదు.

జేసన్ రైట్‌మన్ 2007లో తీసిన అమెరికా చిత్రం ‘జూనో’ పెండ్లి వైపు పోదు. 16 ఏళ్ల జూనో తన బిడ్డను పెంచుకొనే దంపతులను తానే వెదుక్కుంటుంది. స్కానింగ్ గదిలో టెక్నీషియన్ చులకనగా మాట్లాడితే సవతితల్లి బ్రెన్ ఆమె నోరు మూయిస్తుంది. సవతితల్లి! మన సినిమాలలో ఈ పాత్రకు అప్పగించే పని వేరు. ఈ చిత్రానికీ లోపం లేకపోలేదు. డయాబ్లో కోడీకి 2008లో ఆస్కార్ తెచ్చిన ఆ చమత్కార సంభాషణలు అమ్మాయి భయాన్ని తరచుగా కప్పివేస్తాయి. బిడ్డ పుట్టిన తర్వాత ఆమె ఏడ్చేది కొద్ది క్షణాలే. వెంటనే వేసవి, గిటారు, పాట. బిడ్డను ఇచ్చివేసిన తల్లి దుఃఖం అంత త్వరగా ఆరిపోతుందా?

అయినను, యౌవనస్థుల కూడికలో ఈ రెంటిలో ఏదైనా చూపవలసివస్తే, ఈ వ్యాసకర్త ఆ స్కానింగ్ గది దృశ్యాన్నే ఎన్నుకొంటాడు. ఆ పూట తల్లిదండ్రులను కూడా పిలవాలి, ముందు వరుసలో కూర్చోబెట్టాలి.