ఒకే పేరు, రెండు తుప్పనేలలు

ఇంగ్లీషువాళ్లు ‘హీత్’ అనే నేలకు తెలుగులో సరైన మాట లేదు. తుప్పలు, డొంక, బీడు అంటాం గానీ మూడింటిలోనూ కాస్త చులకన ఉంది. చెట్టు ఎదగదు, నాగలి దిగదు. అలాంటి నేలను వాళ్లు ముద్దు చేసి, ఓడలెక్కినప్పుడు దాని పేరును కూడా మూట కట్టుకుపోయారు. అందుకే ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని లిజర్డ్ ద్వీపకల్పమూ హీతే, సిడ్నీకి దక్షిణాన 1879లో ఏర్పడిన రాయల్ నేషనల్ పార్క్ సముద్రపుటంచూ హీతే. పూల కోసం రెండు చోట్లా నడిచాను. ఆ పేరు ఎక్కడ అతికింది, ఎక్కడ అతకలేదు అన్నదే నాకు మిగిలిన ప్రశ్న.

ఆగస్టులో లిజర్డ్‌లోని కైనాన్స్ కోవ్ పైన గట్టెక్కితే పూలను వెతుక్కునే పని లేదు. హెదర్ ఊదారంగూ గోర్స్ పసుపూ కలిసి కొండ అంచుదాకా పరిచేసి ఉంటాయి. వాటి మధ్య లేత గులాబీ గుత్తుల్లోంచి ముదురు కేసరాలు బయటికి పొడుచుకొచ్చే కార్నిష్ హీత్ ఉంటుంది. బ్రిటన్‌లో అది సహజంగా పెరిగేది దాదాపు ఈ ద్వీపకల్పంలోనే. కింద ఉన్నది సర్పెంటైన్ రాయి. ఆ మట్టిలో మెగ్నీషియం ఎక్కువ, కాల్షియం తక్కువ. మామూలు మొక్కలకు గిట్టని తిండి అది.

అయితే ఇవి అడవిపూలేనా? కంచుయుగం నాటి నుంచీ మనుషులు ఇక్కడి చెట్లు నరికారు, పశువుల్ని మేపారు, పొయ్యిలోకి గోర్స్ కొట్టుకుపోయారు. ఆ నరుకుడూ మేతా లేకపోతే నేల మళ్లీ ముళ్లపొదలకూ చెట్లకూ పోతుంది. ఇప్పుడు సంరక్షకులే పనిగట్టుకుని ఆవుల్నీ గుర్రాల్నీ తోలుతున్నారు. చూడ్డానికి వచ్చిన మేమేమో ప్రకృతి, ప్రకృతి అని మురిసిపోతుంటాం.

సిడ్నీ నేల మొదటి చూపుకు ఏమీ ఇవ్వదు. క్రొనల్లా నుంచి పడవలో బండీనా చేరి, ఆట్‌ఫర్డ్ దాకా 26 కిలోమీటర్లు సాగే తీరబాట పట్టాం. సెప్టెంబరు. నడుమెత్తు తుప్పలు, బూడిద కలిసిన పచ్చన. “దీనికోసమా ఇంత దూరం?” అంది మా చెల్లెలు. వంగి చూశాక మాట మార్చింది. పేలాలు గుచ్చినట్టు కొమ్మంతా తెల్లటి చిట్టిపూలు, కోరల్ హీత్. నాలుగు రేకుల గులాబీరంగు బొరోనియా. ముట్టుకుంటే ఉన్నిగుడ్డలా తగిలే ఫ్లానెల్ పువ్వు. మొక్కజొన్న పొత్తంత బ్యాంక్సియా కంకులు, అప్పటికే సగం వాడినవి. తెల్లటి అంచున్న ఎర్రని గొట్టాల ఎపాక్రిస్ అయితే తేనెపిట్ట ముక్కు కొలతకే కుట్టించినట్టుంది. లిజర్డ్ పూలది ముఖ్యంగా తేనెటీగలతో బేరం, ఇక్కడ సగం బేరం పిట్టలతో. భాస్వరం బాగా తక్కువున్న ఇసుకరాయి మీద ఇంత వైవిధ్యం!

ఈ చోటుకు కాస్త ఉత్తరాన, బోటనీ బేలో, 1770లో జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సోలాండర్ మొక్కలు సేకరించారు. వాళ్లు తెచ్చిన బ్యాంక్సియాల్లో ఒకదానికి ‘ఎరైకా ఆకులది’, అంటే హీత్ మొక్క ఆకులది, అని అర్థం వచ్చే పేరు పడింది. ఎపాక్రిస్‌లను వలసజనం నేరుగా హీత్ అనే పిలిచారు. పరాయి ఊళ్లో పుల్లటి ఆకు ప్రతిదీ గోంగూరే అనుకునే మనవాళ్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ నవ్వు నిలవలేదు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఎపాక్రిస్‌లను వేరే కుటుంబంగా విడదీశాడు. తర్వాత జన్యు పరిశోధనలు వాటిని తిరిగి హెదర్ కుటుంబంలోనే కలిపేశాయి. ఇంటిమీద బెంగతో పెట్టిన పేరు చుట్టరికాన్నే పట్టుకుంది! బ్యాంక్సియా విషయంలో మాత్రం పోలిక ఆకుతోనే సరి, దాని వంశం వేరు.

అసలు తేడా నిప్పు దగ్గర. 1994 జనవరి మంటల్లో ఈ పార్కులో చాలా భాగం కాలిపోయింది. ఆ ఎరైకా ఆకుల బ్యాంక్సియా మొక్క మంటకు చచ్చిపోతుంది, కానీ కొయ్యలా గట్టిపడ్డ దాని కాయలు వేడికి నోరు తెరిచి గింజ రాలుస్తాయి. మొలిచినవి పూచి గింజ కట్టడానికి కొన్నేళ్లు కావాలి. ఈలోగా మళ్లీ మంటొస్తే అక్కడ ఆ జాతి కథ ముగిసినట్టే. లిజర్డ్‌ను కాసేది పశువు నోరు, దీన్ని కాసేది మంటకూ మంటకూ మధ్య ఎడం. అలాగని ఇదీ మనిషి ఎరగని నేల కాదు, ధరావల్ ప్రజలు వేల ఏళ్లుగా మసలిన చోటు.

నా ఓటు సిడ్నీకే. లిజర్డ్ తన సొమ్మంతా మొదటి మలుపులోనే బయటపెట్టేస్తుంది, మూడో కిలోమీటరుకు ఆ ఊదారంగు నాకు అలవాటైపోయింది. కాకపోతే బండీనా బాటలో సగంమంది వెడ్డింగ్ కేక్ రాక్ అనే తెల్లరాతి ఫొటో కోసం పూలను దాటుకుని పరుగెడతారు. మొక్కల వేళ్లు నలగకుండా కొన్నిచోట్ల ఇనుప జాలీ బాట ఎత్తుగా వేశారు. మంచిపనే, కానీ కాలికిందున్న పువ్వు అందదు. నేను ఆ జాలీ మీద బోర్లా పడుకుని కోరల్ హీత్‌ను చూస్తుంటే, వెనక నుంచి వచ్చిన ఒక ముసలావిడ కంగారుగా ఆగి, డాక్టర్ని పిలవమంటారా అని అడిగింది.