చివరి స్తంభము కడ విద్యుత్తు: ఒక విమర్శ

విద్యుత్ వ్యవస్థ అభివృద్ధిని గురించి మాటలాడునప్పుడు మనము సాధారణముగా రెండు లెక్కలు చెప్పుకొందుము. ఉత్పత్తి కేంద్రముల సామర్థ్యము ఎన్ని మెగావాట్లు? ఎత్తైన ఉక్కు టవర్లపై సాగు లైన్ల పొడవు ఎన్ని కిలోమీటర్లు? ఈ రెండును పెరిగినచో వ్యవస్థ బాగుపడినదని తృప్తి చెందుదుము. ఈ లెక్కలు అబద్ధములు కావు. కాని బావి కడ రైతు మోటారు తిరుగునా, కాలిపోవునా అన్నది వీటిలో ఎక్కడను కనబడదు. తెలుగు రాష్ట్రములలో విద్యుత్ వ్యవస్థను బలపరచుటకు జరిగిన కృషిని ఈ దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మెచ్చుకొనదగిన దానిని ముందుగా మెచ్చుకొందము. దక్షిణాది గ్రిడ్డు చాలకాలము దేశములోని తక్కిన గ్రిడ్డునుండి విడిగా నడచినది. ఏకముఖ విద్యుత్ ప్రవాహపు లంకెల ద్వారా మాత్రమే శక్తిని ఇచ్చిపుచ్చుకొను వీలుండెడిది. 2003 లో పూర్తియైన తాల్చేరు–కోలారు లైను అట్టి లంకెలలో పెద్దది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాదిని, తూర్పు భారతమును చీకటి కమ్మినప్పుడు దక్షిణాది ఆ విపత్తులో చిక్కుకొనలేదు. విడిగా ఉండుట ఆనాడు మేలు చేసినను, కరవు కాలములో ఇరుగుపొరుగునుండి శక్తి తెచ్చుకొనుటకు అదియే అడ్డు. 2013 డిసెంబరు 31 న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైను ఆ ఎడబాటును తీర్చినది. దేశమంతయు ఒకే గ్రిడ్డు అయినది. ఇది చిన్న విజయము కాదు.

అయితే చెరువు నిండినంత మాత్రమున ఆయకట్టు చివరి మడి తడవదు. తూములు, కాలువలు, పిల్లకాలువలు అన్నియు సరిగా ఉండవలెను. విద్యుత్తు సంగతియు అంతే. టవర్లపై వచ్చిన విద్యుత్తు సబ్ స్టేషనులలో మెట్టుమెట్టుగా 33 కిలోవోల్టులకు, 11 కిలోవోల్టులకు దిగి, పొలములోని ట్రాన్స్‌ఫార్మరు వద్ద 415 వోల్టులుగా మారి మోటారును చేరును. రైతుకు తెలిసిన గ్రిడ్డు ఈ చివరి మెట్టు ఒక్కటే.

కొన్నేండ్ల క్రితము నడివేసవిలో మా ఊరి పొలములలోని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినది. రైతులు తలా కొంత వేసుకొని, దానిని ట్రాక్టరుపై బాగుచేయు చోటికి తామే తరలించిరి. అది తిరిగివచ్చు లోపల పొట్టదశలోనున్న వరి ఎండిపోయినది. ఆ దినములలో రాష్ట్రములో విద్యుత్ లోటు లేదు. పెద్ద లైన్లు చక్కగానే పనిచేయుచుండెను. ఏ లెక్కలోను ఆ ఎండిన చేను చేరియుండదు.

ఇట్లేల జరుగును? ఒక చిన్న లెక్క వేసి చూతము. అయిదు అశ్వశక్తుల మోటారు 415 వోల్టుల వద్ద ఇంచుమించు 8 ఆంపియర్లు తీసికొనును. ఒకే ట్రాన్స్‌ఫార్మరుపై పదునైదు మోటార్లున్నచో 120 ఆంపియర్లగును. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు భరించగలది 139 ఆంపియర్లు. మరి మూడు మోటార్లు చేరినచో దాని హద్దు దాటినట్లే. తీగలో వేడిగా పోవు శక్తి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును. అనగా ప్రవాహము రెట్టింపైనచో నష్టము నాలుగింతలగును. తీగ పొడవైన కొలది చివరి మోటారుకు వోల్టేజి తగ్గును. వోల్టేజి నూటికి ఎనుబదికి పడిపోయినచో మోటారు త్రిప్పుడు బలము అరువది నాలుగు పాళ్ళకు దిగును. నీటిని ఎత్తలేక అది మరింత ప్రవాహము లాగి, వేడెక్కి, చుట్టలు కాలును.

ఇందుకు ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము అధిక వోల్టేజి పంపిణీ పద్ధతి. 11 కిలోవోల్టుల లైనునే పొలములోనికి కొనిపోయి, మూడు నాలుగు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు అమర్చుదురు. పై లెక్కలోని 120 ఆంపియర్ల ప్రవాహము 11 కిలోవోల్టుల వద్ద నాలుగున్నర ఆంపియర్లే అగును. అదే తీగపై నష్టము సుమారు ఏడువందలవ వంతుకు తగ్గును. తీగకు కొక్కెము తగిలించి విద్యుత్తును దొంగిలించుట కష్టమగును. ఒక ట్రాన్స్‌ఫార్మరు చెడినను ముగ్గురు నలుగురికే నష్టము. అది తమదన్న శ్రద్ధయు వారిలో పెరుగును.

ఈ పద్ధతి మంచిదే గాని, సర్వరోగనివారిణి కాదు. మోటారు తిరిగినను తిరుగకున్నను, లైనులో విద్యుత్తున్నంతసేపు ట్రాన్స్‌ఫార్మరు ఇనుప దిమ్మెలో కొంత శక్తి వ్యర్థమగుచునే యుండును. పెద్దది ఒకటి తీసి చిన్నవి అయిదు పెట్టినప్పుడు ఈ నష్టమును కూడ లెక్కకట్టవలెను. ఊరికి దూరముగా ఒంటరిగా నిలిచిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల నుండి రాగి చుట్టలను, నూనెను దొంగలు ఎత్తుకొనిపోవుట పల్లెలకు క్రొత్త గాదు. తీగల నష్టము తగ్గినదని చెప్పి ఈ రెండింటిని చెప్పకున్న నివేదిక సగము నివేదికయే.

యంత్రములతోపాటు మనుష్యుల అలవాట్లనుకూడ ఎంచవలెను. విద్యుత్తు ఏ వేళ వచ్చునో తెలియని కాలమున రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకొనిరి. విద్యుత్తు రాగానే మోటార్లన్నియు ఒక్కసారిగా బయలుదేరును. బయలుదేరునప్పుడు మోటారు మామూలుకు అయిదారింతల ప్రవాహము లాగును. ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మరు తట్టుకొనలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభించినప్పుడు ఆటోస్టార్టర్లను తొలగింపుడని రైతులను కోరవలసివచ్చినది. ఇందులో రైతును తప్పుపట్టుట సులభము. కాని ఆ పెట్టె పుట్టినది రైతు మొండితనమునుండి కాదు, సరఫరాపై అపనమ్మకమునుండి. అర్ధరాత్రి పాములు తిరుగు గట్లవెంట, తడిచేతులతో స్టార్టరు నొక్కుటకు పోయి ప్రాణములు కోల్పోయినవారు ఎందరో. వేళ తప్పని సరఫరాయే ఆటోస్టార్టరుకు నిజమైన విరుగుడు.

అన్నిటికంటె పెద్ద లోపము కొలతలో ఉన్నది. 2004 లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. అది మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసము తేల్చవలసిన విషయము కాదు. కాని ఉచితమనగా కొలత లేనిదని అర్థము కారాదు. మీటరు లేని మోటార్లు వాడినది ఎంతయో అంచనా వేయవలసినదే. మొత్తము సరఫరాలో బిల్లులకు ఎక్కినది పోగా మిగిలినదానిలో పొలమునకు పోయినదెంత, తీగలలో కాలినదెంత, దొంగతనమునకు గురియైనదెంత? అంచనా కొంచెము పెంచినచో నష్టము తగ్గినట్లే కనబడును. జ్వరము చూడకయే తగ్గినదని వ్రాయు వైద్యుని నమ్ముదుమా?

2020 లో శ్రీకాకుళం జిల్లాలో మోటార్లకు మీటర్లు పెట్టు ప్రయత్నము ఆరంభమైనప్పుడు, ఇది బిల్లుకు నాందియన్న అనుమానము బయలుదేరినది. ఆ అనుమానమును ఎగతాళి చేయరాదు. ప్రతి మోటారుకు కాకున్నను, ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకు ఒక మీటరు పెట్టి, అందులోని అంకెలను పంచాయతీ గోడపై వ్రాసినచో రైతుకు భయము ఉండదు, సంస్థకు నిజము తెలియును. ఏ ట్రాన్స్‌ఫార్మరుపై భారము మించుచున్నదో కాలకముందే కనిపెట్టవచ్చును. రాబోవు పెరుగుదలకు ఎచ్చట తీగ మార్చవలెనో, ఎచ్చట సబ్ స్టేషను కట్టవలెనో ఊహతో కాక లెక్కతో నిర్ణయింపవచ్చును.

కనుక విద్యుత్ సంస్థలు ఏటేట ప్రకటించు లెక్కలలో మెగావాట్లు, కిలోమీటర్లతోపాటు మరి మూడు అంకెలు చేరవలెను. ప్రతి ఫీడరుపై విద్యుత్తు ఎన్ని గంటలు ఆగినది? చివరి స్తంభము వద్ద వోల్టేజి ఎంత? కాలిన ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని దినములలో మారినది? ఈ మూడింటిని కొలుచుటకు క్రొత్త విజ్ఞానమేమియు అక్కరలేదు. కొలిచి, కొలిచినదానిని దాచక చెప్పు అలవాటు కావలెను.