ఉప్పుగాలిలో గరాజ్ తలుపు కేబుళ్లు

గరాజ్ తలుపు బరువంతా రెండు సన్నని ఉక్కు కేబుళ్ల మీద వేలాడుతుంది. అమెరికాలో రెండు కార్లు పట్టే గరాజ్‌కు సాధారణంగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న తలుపు పెడతారు. తలుపు పైన అడ్డంగా ఉండే ఇనుప కడ్డీకి స్ప్రింగ్, ఆ కడ్డీ రెండు చివరలా గాడులున్న డ్రమ్ములు ఉంటాయి. ప్రతి డ్రమ్ము నుంచి ఒక కేబుల్ దిగి, తలుపు కింది మూలనున్న బ్రాకెట్‌కు తగులుకుంటుంది. స్ప్రింగ్ బలాన్ని తలుపుకు అందించేది ఈ కేబుళ్లే. తలుపు తెరిచే మోటారు (ఓపెనర్) చేసేది కొద్దిపాటి సాయం మాత్రమే.

కేబుల్ మందం మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఏడు పేటల్ని కలిపి పురి పెడతారు. పేటకు 7 తీగలైతే మొత్తం 49, పేటకు 19 తీగలైతే మొత్తం 133. తీగల మీద జింకు పూత ఉంటుంది. సముద్రతీరంలో ముందు కరిగిపోయేది ఆ పూతే.

గాల్వెస్టన్, మయామీ వంటి తీరపట్టణాల్లో గాలితోపాటు వచ్చే ఉప్పు లోహం మీద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరుగారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. అంటే వాన లేకున్నా తీగ మీద కంటికి కనిపించని తడి ఆరకుండా ఉంటుంది. ఆరుబయటి ఇనుము మీది ఉప్పును వాన కడిగేస్తుంది, గరాజ్ లోపలి కేబుల్‌కు ఆ స్నానం లేదు. విశాఖ బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో చూసినవారికి ఈ ఉప్పుగాలి కొత్త కాదు. అక్కడి నుంచి ఫ్లోరిడా, టెక్సస్ తీరాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలకు కొత్తగా తోడైంది ఈ బరువైన తలుపు. 1992 నాటి ఆండ్రూ తుపానులో గరాజ్ తలుపులు కూలి, లోపలికి దూరిన గాలి ఇంటి కప్పుల్ని లేపేసింది. ఆ తర్వాత ఫ్లోరిడాలో గాలికి తట్టుకునే తలుపులు తప్పనిసరయ్యాయి. వాటి అదనపు బరువు కూడా కేబుళ్ల మీదే పడుతుంది.

అరుగుదల మొదట కనిపించేది కింది బ్రాకెట్ దగ్గరి జానెడు మేర. కారు చక్రాలు తెచ్చిన తడి ఇసుక, తలుపు కిందనుంచి ఊరే నీరు అక్కడే చేరతాయి. రెండో చోటు డ్రమ్ము. తలుపు కదిలినప్పుడల్లా కేబుల్ అక్కడ వంగి, తీగలు ఒకదానికొకటి రాసుకుంటాయి.

తలుపు మూసి, ఓపెనర్ ప్లగ్గు తీసి, టార్చి వెలుగులో కేబుళ్లను కింది నుంచి పైదాకా చూడాలి. తెల్లటి పొడి కనిపిస్తే జింకు కరుగుతోందని అర్థం. ఎర్రటి మరక ఉంటే ఉక్కుకే తుప్పు సోకింది. పురి సడలి పేటలు ఉబ్బినా, కేబుల్ మడత పడినా, ఒక్క తీగ తెగి బయటికి పొడుచుకొచ్చినా కేబుల్ మార్చాల్సిందే. చేత్తో తడమకూడదు, తెగిన తీగ ముల్లులా దిగబడుతుంది. తలుపు ఒక పక్కకు ఒరిగినా, ఒకవైపు కేబుల్ వదులుగా వేలాడినా ఓపెనర్ మీట నొక్కకూడదు. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

కనిపెట్టడం ఇంటివారి పని, మార్చడం శిక్షణ ఉన్న మెకానిక్ పని. తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగ్ పూర్తి బిగువులో ఉంటుంది. కింది బ్రాకెట్ బోల్టు వదులు చేస్తే ఆ బలమంతా ఒక్కసారిగా విరుచుకుపడి ప్రాణం మీదికి రావచ్చు. మెకానిక్ ముందుగా రోలర్‌కు పైన ట్రాక్‌కు క్లాంప్ బిగించి, తలుపు ఎగరకుండా ఆపుతాడు. తర్వాత స్ప్రింగ్‌కు సరిపోయే ఉక్కు కడ్డీలతో పావు చుట్టు చొప్పున బిగువు వదులుతాడు. ఏడడుగుల తలుపుకు మామూలుగా ఏడున్నర చుట్లుంటాయి. స్క్రూడ్రైవర్‌తో ఈ పని చేయబోయి చేతులు విరగ్గొట్టుకున్నవారున్నారు. కొత్త కేబుల్‌ను గాడిలో వరసగా చుట్టి, రెండు పక్కలా ఒకే బిగువు వచ్చాకే స్ప్రింగ్‌ను మళ్లీ తిప్పుతాడు. కేబుళ్లను జతగానే మార్చాలి, రెండోది కూడా అన్నేళ్లూ అదే గాలిలో ఉన్నదే. పని పూర్తయ్యాక ఓపెనర్ నుంచి విడదీసి, తలుపును చేత్తో సగానికి ఎత్తి వదిలితే అది అక్కడే నిలవాలి.

తీరంలో స్టెయిన్‌లెస్ స్టీల్ కేబుల్ మేలు. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండటంతో అది 304 రకం కన్నా ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. అయితే అదే మందంలో జింకు పూత కేబుల్‌ కన్నా దాని బలం కాస్త తక్కువ, కాబట్టి తలుపు బరువుకు చాలుతుందో లేదో సరిచూడాలి. డ్రమ్ము అల్యూమినియందైతే ఉప్పుతడిలో స్టెయిన్‌లెస్ తగిలినచోట డ్రమ్ము తినేసుకుపోతుంది, గాడుల్నీ గమనించాలి.

నెలకోసారి, తుపాను వెలిసిన ప్రతిసారీ కేబుళ్లను చూడటం అలవాటు చేసుకోవాలి. తీగలు తెగని కేబుల్‌ను మంచినీటి తడిగుడ్డతో తుడిచి, ఆరాక పలుచగా నూనె రాయాలి. చిక్కటి గ్రీజు వద్దు, దానికి ఇసుక అంటుకుంటుంది. తుప్పు మీద నూనె రాస్తే జబ్బును కప్పిపుచ్చడమే అవుతుంది. ఈత కొలనులో వాడే ఆమ్లాన్ని గరాజ్‌లో ఉంచకూడదు, దాని ఆవిరి ఉప్పుగాలి కన్నా వేగంగా ఉక్కును తినేస్తుంది.