మందుల చీటీలో ఆఖరి వాక్యం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా మెట్రో స్తంభాల పక్కన నడుచుకుంటూ వస్తే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లతో పోటీపడి కనిపించే బోర్డులు ఆసుపత్రులవీ, డయాగ్నస్టిక్ సెంటర్లవీ. చైతన్యపురి, కొత్తపేటల సందుల్లోకి వెళ్తే చిన్న క్లినిక్కులు. వాటిలోకి వెళ్లొచ్చిన మా చుట్టాల, స్నేహితుల, ఇరుగుపొరుగు ఆడవాళ్ల మందుల చీటీలని కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. మోకాలి నొప్పికి వెళ్లినా, నెలసరి తప్పిందని వెళ్లినా, ఆయాసమని వెళ్లినా, నిద్ర పట్టడం లేదని వెళ్లినా మందుల పేర్ల కింద తరచుగా ఒకే ఆఖరి వాక్యం కనిపిస్తోంది. బరువు తగ్గాలి.

సాహిత్య విద్యార్థిని కాబట్టి ఈ వాక్యాన్ని కూడా ఒక పాఠంగానే చదవాలనిపించింది. అదే చీటీలో పై వరసల్లో మందులున్నాయి. వాటికి మోతాదు ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, అయిదు రోజులు. కింది వాక్యానికి ఇవేవీ లేవు. ఎంత తగ్గాలి, ఎన్నాళ్లలో, ఏ జబ్బు కోసం, ఏం తిని, ఏ వేళలో? తగ్గకపోతే తర్వాత ఏం చేయాలి? ఏమీ ఉండదు. మందు పని చేయకపోతే డాక్టరు మందు మారుస్తారు. ఈ సలహా పని చేయకపోతే మాత్రం తప్పు రోగిది అయిపోతుంది. వైద్యంలో ఇలాంటి వాక్యం మరొకటి ఉందా అని ఆలోచిస్తే నాకు తట్టలేదు.

ఆ వాక్యం ఒంటరిగా రాదు. మన భాషలో అంతకుముందే ఉన్న తీర్పులన్నిటినీ వెంటబెట్టుకుని వస్తుంది. పాత తెలుగులో లావు అంటే బలం. పోతన గజేంద్రుడు మొసలి పట్టులో తనకి మిగల్లేదని చెప్పుకున్నది ఆ లావే. ఆ మాట బలం నుంచి ఊబకాయానికి ఎప్పుడు జారిందో భాషా చరిత్రకారులు చెప్పాలి. ఈ రోజు మన నోళ్లలో కొవ్వెక్కడం అంటే పొగరు. బలిసింది అంటే తిట్టు. ఒళ్లు వంచకపోవడం అంటే సోమరితనం. ఆడదాని విషయంలో ఈ మూడూ కలిసిపోతాయి. లావుగా ఉన్న స్త్రీ పని చేయదు, తింటుంది, మాట వినదు. అత్తింట్లో పదేళ్లుగా విన్న మాటే డాక్టరు గదిలో తెల్లకోటు వేసుకుని ఎదురైతే, ఆమె దాన్ని వైద్యంగా వినగలదా? డాక్టరు అలా అనుకోకపోవచ్చు. కానీ మాట వినేవాళ్ల చెవిలో కూడా అర్థం తయారవుతుందని మనం విమర్శలో ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాం.

ఆ వాక్యానికి ఆధారం ఒక అంకె. బరువుని కిలోల్లో తీసుకుని, ఎత్తుని మీటర్లలో తీసుకుని, ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ. దీని వెనక ఉన్నది 1830లలో బెల్జియం గణిత, ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వేసిన లెక్క. ఆయన వైద్యుడు కాదు. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవాలన్నది ఆయన కోరిక. బీఎంఐ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. వాళ్లు కొలిచింది అయిదు దేశాల్లోని ఏడు వేల మందికి పైగా మనుషుల్ని. అందరూ మగవాళ్లే. జనాభాల్ని పోల్చడానికి తేలికైన కొలత అని వాళ్లన్నారు. ప్రసవాలు, రుతుక్రమం, ముట్లుడిగే వయసు ఉన్న శరీరాలు ఆ లెక్కలో లేవు. అలాంటి కొలత మన క్లినిక్కులో ఒక్కో ఆడమనిషి మీద తీర్పుగా మారింది.

గీత కూడా కదులుతూ వచ్చింది. 1998లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అధిక బరువు గీతని 27 పైనుంచి 25కి దించినప్పుడు, ఒక్క గ్రాము పెరగకుండానే కోట్ల మంది అధిక బరువు జాబితాలోకి వచ్చారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాసుల కోసం 23 దగ్గరే జాగ్రత్తపడాలని సూచించారు. 2009లో మన దేశపు వైద్యుల బృందం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంది. అయిదడుగుల ఒక అంగుళం, అంటే 155 సెంటీమీటర్ల ఎత్తుండి 58 కిలోలు తూగే స్త్రీ పాత లెక్కలో ఆరోగ్యవంతురాలు. కొత్త లెక్కలో అధిక బరువు. ఇదంతా కుట్ర అని నేననడం లేదు. తక్కువ బీఎంఐలోనే దక్షిణాసియా వాళ్లకి షుగరు వస్తోందనీ, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతోందనీ తేలింది కాబట్టే గీత దించారు. అందులో మన మేలు ఉంది. అయితే గీత ఎందుకు దిగిందో చీటీ తీసుకున్న స్త్రీకి ఎవరూ చెప్పరు. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన అంతర్జాతీయ కమిషన్, బీఎంఐ ఒక్కదానితోనే ఊబకాయాన్ని నిర్ధారించకూడదనీ, నడుం చుట్టుకొలత వంటిది కూడా చూడాలనీ, అసలు ఏ అవయవం పని దెబ్బతిందో చూడాలనీ చెప్పింది. అంకె కింద మనిషిని చూడమని వైద్యశాస్త్రమే అంటోంది.

మన శరీరాలు ఇలా ఎందుకున్నాయన్న ప్రశ్నకి సమాధానం వెతుకుతూ దూరం పోనక్కర్లేదు. ఎల్‌బీ నగర్‌కి కొద్ది దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడ చాలాకాలం పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న స్త్రీల ఆరోగ్య ఉద్యమంలో మనకి తెలిసిన మనిషి. హైదరాబాదు స్త్రీలు 1990ల తొలినాళ్లలో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' వెనక ఉన్నవాళ్లలో ఒకరు. ఆకలి శాస్త్రం మీద ఆవిడ రాసిన వ్యాసం 2010లో 'టువార్డ్స్ ఎ క్రిటికల్ మెడికల్ ప్రాక్టీస్' అనే సంకలనంలో వచ్చింది. పేదలకి పాలు, గుడ్లు, మాంసం ఖరీదని, చవగ్గా దొరికే తిండిగింజలతోనే కడుపు నింపవచ్చని మన పోషకాహార విధానం ఎలా సర్దుకుందో అందులో చూపించారు. అది చదివాక కిలో రెండు రూపాయల బియ్యాన్ని నేను ఇదివరకటి కళ్లతో చూడలేకపోతున్నాను. 1983లో వచ్చిన ఆ పథకం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. అది నిజం. కానీ కంచంలో అన్నం కుప్ప పెరిగింది, పక్కన పెట్టుకునేది పెరగలేదు. ఇవాళ తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకి ఆరు కిలోల బియ్యం వస్తాయి. గుడ్లు రావు. చిన్నతనంలో సరైన తిండిలేక ఎత్తు పెరగని ఆడపిల్ల, పెద్దయ్యాక అన్నంతోనే కడుపు నింపుకుంటే ఆ బీఎంఐ లెక్కలో ఎక్కడ తేలుతుందో ఆలోచించండి. ఎత్తు కింద ఉంటుంది, బరువు పైన. పొట్టిగా మిగిలిపోయినందుకు కూడా అంకె పెరుగుతుంది.

2024లో అదే పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. మనకి శక్తిలో 50 నుంచి 70 శాతం తిండిగింజల నుంచే వస్తోందనీ, అది 45 శాతానికి మించకూడదనీ అందులో ఉంది. మిగిలినది పప్పులు, కూరలు, పాలు, గింజలు, గుడ్లు, మాంసం నుంచి రావాలి. వాటిని కొనేది ఎవరు? కొన్నాక ఇంట్లో ముందు ఎవరి కంచంలో పడతాయి? ఈ రెండో ప్రశ్న మార్గదర్శకాల్లో ఉండదు. మన కథల్లో ఉంటుంది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో దేశంలోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు. 18.7 శాతం మంది ఉండాల్సినంత బరువు లేనివాళ్లు. 57 శాతం మందికి రక్తహీనత. ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. సగం పైగా స్త్రీలకి నెత్తురు లేదంటే, లావుగా కనిపించేవాళ్లలోనూ నెత్తురు లేనివాళ్లు ఉంటారు. ఒకే ఒంట్లో ఎక్కువా తక్కువా కలిసి ఉండొచ్చు. కళ్లకి కనిపించేది మాత్రం ఎక్కువే.

మా వీధిలో బ్లౌజులు కుట్టే ఒక అక్క ఉంది. నలభై దాటింది. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం. ఏడాదిలో మూడు చోట్ల చూపించుకుంది. మూడు చీటీల్లోనూ ఆ ఆఖరి వాక్యం ఉంది. "నేను తినేదే రెండు పూటలు సారూ, ఇంకేం తగ్గించాలె" అని ఒకచోట అడిగిందట. జవాబు రాలేదు. రాత్రి అన్నం మానేసింది. ఆయాసం తగ్గకపోగా కుట్టు మిషను ముందు కూర్చోవడమే కష్టమైంది. చివరికి ప్రభుత్వాసుపత్రిలో ఒక నర్సు ఆమె కింది కనురెప్ప లాగి చూసి రక్తపరీక్షకి పంపింది. హిమోగ్లోబిన్ ఏడు కూడా లేదు. గర్భసంచిలో గడ్డలు, నెలనెలా విపరీతమైన నెత్తురు. నెలసరి గురించి అంతకుముందు మూడు చోట్లా ఎవరూ అడగలేదు. ఆమె తనంతట తాను చెప్పలేదు. ఆయాసానికీ దానికీ సంబంధం ఉంటుందని ఆమెకి ఎవరు చెప్పారు గనక? బరువు తగ్గమనడం ఇక్కడ వైద్యానికి మొదలు కాలేదు. అడగాల్సిన ప్రశ్నల్ని అడగకుండా ఆపేసింది.

డాక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. సాయంత్రం ఓపీలో అరవై మంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా దొరకవు. ఆ నాలుగు నిమిషాల్లో రాయగలిగినది ఆ రెండు ముక్కలే. ఇటువైపు ఉన్నది కూడా సమయం లేని మనిషే. రోజుకి అరగంట నడవండి అంటారు. ఎప్పుడు? తెల్లారి అయిదింటికి నీళ్లు, డబ్బాలు, పిల్లల బస్సు. సాయంత్రం మళ్లీ వంట. చీకటి పడ్డాక సర్వీసు రోడ్డు మీద ఒంటరిగా నడవడానికి పేవ్‌మెంటు ఉందా, ధైర్యం ఉందా? హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకి చదివే అమ్మాయిలది ఇంకో కథ. పొద్దంతా కుర్చీ, రెండు పూటలా పలచటి పప్పూ అన్నం, నాలుగు గంటల నిద్ర. పీసీఓడీ అని తేలితే బరువు తగ్గితే సర్దుకుంటుందంటారు. ఆ సమస్యలో అయిదు, పది శాతం బరువు తగ్గినా మేలు జరుగుతుందన్నది నిజమే. కానీ ఆ పిల్ల తన కంచాన్ని తను ఎంచుకోలేదు. హాస్టల్ మెస్ ఎంచింది.

మన సినిమా ఈ విషయాన్ని పట్టించుకున్న సందర్భం ఒకటుంది. 2015లో ప్రకాష్ కోవెలమూడి తీసిన 'సైజ్ జీరో'. అనుష్క ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగింది. లావుగా ఉన్న అమ్మాయిని హాస్యపాత్ర చేయకుండా కథకి మధ్యలో నిలబెట్టినందుకు ఆ సినిమాని మెచ్చుకోవాలి. అయితే అందులో విలన్ త్వరగా సన్నబరుస్తామని మోసం చేసే సెంటర్ యజమాని. మోసగాణ్ణి పట్టుకుంటే సమస్య తీరిపోతుంది. మోసం చేయని, మంచి మనసుతో చెప్పిన సలహా కూడా ఒక స్త్రీని ఎలా గాయపరచగలదో, ఏమీ అడగకుండా ఎలా పంపించేయగలదో ఆ కథకి అందలేదు. ఓల్గా 'రాజకీయ కథలు' (1993) స్త్రీ శరీరంలోని ఒక్కో భాగం చుట్టూ అల్లుకున్న రాజకీయాన్ని చూపించాయి. ఆ దారిలో బరువు తూచే మిషను మీద నిలబడ్డ స్త్రీ కథ మనకి ఇంకా రావాల్సి ఉంది.

బరువు గురించి డాక్టర్లు మాట్లాడొద్దని నేననడం లేదు. షుగరుతో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఎలా మాట్లాడాలన్నదే ప్రశ్న. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వచ్చే ముందు దశలో ఉన్న 531 మందిని మూడేళ్ల దాకా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు రావడం 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే ముల్లు కదలకపోయినా మేలు జరిగింది. ఈ సంగతి తెలిస్తే, నెల తిరిగేసరికి అదే అంకె చూసుకుని ఓడిపోయానని నడక మానేసే ఎంతమంది ఆగుతారో కదా!

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. అవసరమైనవాళ్లకి అవి నిజంగా ఉపయోగపడే మందులు. ఇక ఆ ఆఖరి వాక్యం మందుల వరసలోకి ఎక్కుతుంది, మోతాదూ వస్తుంది. కొనగలిగినవాళ్లకి ఇంజెక్షను, కొనలేనివాళ్లకి పాత తీర్పు మిగిలితే మాత్రం మనం ముందుకి వెళ్లినట్టు కాదు.

అందుకే ఆ వాక్యాన్ని ఇంకోలా రాయమని అడగడం నేర్చుకోవాలి. నా జబ్బుకీ నా బరువుకీ సంబంధం ఏమిటి? ఇదే జబ్బుతో సన్నగా ఉన్నామె వస్తే ఏ పరీక్షలు రాస్తారు, నాకవి ఎందుకు రాయలేదు? ఎంత తగ్గితే చాలు? తగ్గకపోతే ఇంకే దారి ఉంది? నా నెత్తురు ఎంత ఉంది? ఈ ప్రశ్నలు ఒక్కరే అడిగితే గదిలో విసుగు పుడుతుంది. పదిమంది అడిగితే అలవాటవుతుంది. ముప్పయ్యేళ్లకి ముందే మన అక్కలు గర్భసంచి గురించీ, తెల్లబట్ట గురించీ అడిగి తెలుసుకుని మనకోసం రాసిపెట్టింది ఇలాగే. మా వీధి అక్క ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఆమె బరువు కిలో కూడా తగ్గలేదు. మెట్లు మాత్రం ఎక్కగలుగుతోంది.