గాజు లోపల కాలువలు

తెనాలి మనిషికి కాలువంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పట్టణం మధ్య నుంచే మూడు కాలువలు పోతాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది మొదలు బాపట్ల, రేపల్లె మాగాణులను తడుపుతున్నది లాకులు, తూములు, పంటబోదెలు కలిసి చేసే పనే. అదే నీటి విద్య ఇప్పుడు అగ్గిపెట్టెలో పట్టే గాజుబిళ్లలోకి చేరింది. అక్కడ కాలువ వెడల్పు ఒక వెంట్రుక మందం. తవ్వే పలుగు వెలుగు.

ఆ వెలుగు ఫెమ్టోసెకండ్ లేజర్‌ది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ వెయ్యి చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకండ్. వంద ఫెమ్టోసెకండ్లలో కాంతి నడిచే దూరం 30 మైక్రాన్లే. ఇంత పొట్టి మెరుపులకు బలం కూర్చే పద్ధతిని 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ కనిపెట్టారు. 2018 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దానికే వచ్చింది.

మామూలుగా పరారుణ కాంతి గాజులోంచి దూసుకుపోతుంది. కటకంతో ఆ మెరుపును గాజు లోపలి ఒక బిందువు దగ్గర కుదిస్తే మాత్రం, ఎలక్ట్రాన్లు ఒకేసారి అనేక ఫోటాన్లను మింగుతాయి. మార్పు ఆ బిందువు దగ్గరే జరుగుతుంది. వేడి చుట్టుపక్కలకు పాకేలోపే మెరుపు ముగుస్తుంది కనుక చుట్టూ ఉన్న గాజు చెక్కుచెదరదు. గాజుబిళ్లను మెల్లగా జరుపుతూ పోతే లోపల గీత పడుతుంది. జపాన్‌లో కజుయుకి హిరావ్ బృందం 1996లో ఇలాగే గాజు లోపల కాంతికి దారులు గీసింది.

గీత ఇంకా కాలువ కాదు. లేజర్ తాకిన గాజు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలోనో, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోనో మిగతా గాజుకంటే ఎన్నో రెట్లు త్వరగా కరుగుతుంది. కరిగిన చోటే కాలువ. ఇక్కడే నేర్పు కావాలి. ఆమ్లం మూతి దగ్గర ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి మొదలు వెడల్పై, లోపలికి పోయేకొద్దీ కాలువ సన్నబడి గరాటులా తయారవుతుంది. అందుకని పనివారు దారి పొడవునా అక్కడక్కడా పైకి రంధ్రాలు విడుస్తారు, లేదా లోపలి భాగాన్ని ముందే కాస్త వెడల్పుగా గీస్తారు.

ఇంత శ్రమ దేనికి? ఇంత సన్నని దారిలో నీటి నడత వేరు. రెండు ద్రవాలు కలిసినా సుడులు లేవవు. పక్కపక్కనే రెండు చారలుగా సాగిపోతాయి. వాటిని కలపాలంటే కాలువ మెలితిరగాలి, ఒకదాని కింద నుంచి మరొకటి దూరాలి. డెల్టాలో మురుగుకాలువను పంటకాలువ కిందుగా దాటించే అండర్ టన్నెల్ పనిని లేజర్ గాజులో ఒక్క ముక్కలోనే చేస్తుంది. పైన మూత అతికించే అవసరమూ ఉండదు.

పీడీఎంఎస్ అనే మెత్తని పాలిమర్‌తో ఇలాంటి కాలువల బిళ్ల (చిప్) చవగ్గా వస్తుంది. కానీ అది కొన్ని ద్రావకాలను పీల్చుకుని ఉబ్బుతుంది. గాజుకు ఆ బెడద లేదు. పైగా లోపల జరిగేది మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనబడుతుంది. జపాన్‌లోని రైకెన్ సంస్థ పరిశోధకులు ఇలాంటి చిప్‌లకు నానో అక్వేరియం అని పేరు పెట్టారు. ఒకదానిలో యూగ్లీనా అనే సూక్ష్మజీవి కశాభం కదలికను గమనించారు. మరొకదానిలో ఫార్మిడియం అనే నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవి కూరగాయ మొలక వేరు వైపు జారుకుంటూ పోవడాన్ని చూశారు. మిలాన్‌లో రొబెర్తో ఒసెల్లామె బృందం ఒకే గాజులో నీటికీ కాంతికీ దారులు కలిపి గీసింది.

తెలుగు నేల మీద ఈ విద్య హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వేళ్లూనుకుంది. ఆచార్య డి. నారాయణరావు, ఆచార్య సోమా వేణుగోపాలరావుల బృందాలు ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గాజుల్లోనూ పాలిమర్లలోనూ సూక్ష్మ నిర్మాణాలు గీశాయి.

రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల రైతుకు చెరువునీటి ఉప్పదనం, అమ్మోనియా, ఆక్సిజన్ మీదే ధ్యాస. వాటిని కొలవడానికి ఇలాంటి చిప్ తోడ్పడవచ్చు; ఆ ప్రయత్నానికి బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది, ఇంజనీరింగ్ కళాశాల ఉంది. వంద మైక్రాన్ల వెడల్పు, అంతే లోతు, సెంటీమీటరు పొడవున్న గాజు కాలువలో పట్టేది మైక్రోలీటరులో పదో వంతు. చెరువు నుంచి తెచ్చిన ఒక్క చుక్కతో అలాంటి కాలువలు దాదాపు 500 నింపవచ్చు.